ఆరింటి గేటు

వాగొడ్డు తండా,
పినపాక మండలం.
ఫిబ్రవరి 12

దేవ్‌సింగ్ అన్నకు,

మొన్న ఫోన్లో "సర్పంచ్‌గిరీ ఎట్ల నడుస్తున్నది నాగలతా" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే లైను పోయింది. ఆ మంచుకొండల మీద మీకు వారానికి దొరికే నాలుగు మాటలూ కళ్యాణి వదినకూ, నీ బిడ్డ కవితకూ దక్కాలి గాని నా పంచాయతీ గొడవకు కాదు. అందుకే ఉత్తరం. ఆశ్రమ పాఠశాల హాస్టల్ నుంచి నీకు రాసిన తర్వాత మళ్లీ ఇదే. దస్తూరీ చూసి నవ్వకు.

గెలిచి రెండు నెలలయింది. లైన్లో నిలబడి నాకు ఓటేసినవాళ్లు ఇప్పుడు ఎదురైతే "తిన్నవా బిడ్డా" అని అడిగి పోతున్నారు. పని మాత్రం ఒక్కరూ అడగరు. ఎందుకో చెబుతాను.

వాగు దగ్గర క్యాంపు ఉంది కదా. అడవిలో తుపాకులు మోగిన రోజుల్లో పెట్టారు. ఇప్పుడు అడవి సల్లబడింది, క్యాంపు మాత్రం ఉంది. వాళ్లకు పని తగ్గింది. పని తగ్గిన మనిషి ఊరికే కూర్చోలేడు కదా, కొత్తగా వచ్చిన క్యాంపు సాబ్ మన రోడ్డుకు అడ్డంగా గేటు పెట్టించాడు. పొడుగాటి ఇనుప కడ్డీ. వెనక కొసకు రాళ్లు నింపిన డబ్బా వేలాడదీశారు, ఆ బరువుకే కడ్డీ పైకి లేస్తుంది. సాయంత్రం ఆరింటికి దించి గొలుసు వేస్తారు, తెల్లారి ఆరింటికి విప్పుతారు. తండాకు ఉన్నది ఆ ఒక్క రోడ్డే. మిర్చి ఏరడానికి పోయిన ఆడవాళ్ల ఆటో కొంచెం ఆలస్యమైతే అవతలే ఆగిపోతుంది. సెంట్రీ లోపలికి కబురు పంపాలి, సాబ్ సరే అనాలి. ఒక్కోసారి సాబ్ స్నానం చేస్తుంటాడు. ఆయన ఒళ్లు తుడుచుకునేదాకా మన ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చోవాలి.

గేటు పెట్టేముందు గ్రామసభను అడగలేదు, నన్ను అడగలేదు. తండా పెద్ద, మన నాయక్ హాతీరాం కాకాకు చెబితే "తుపాకి ఉన్నోనితోని మనకేంది బిడ్డా" అని చుట్ట ముట్టించుకున్నాడు.

నువ్వు ఇరవై ఏళ్లకు పైగా ఫౌజులో ఉన్నావు. ఇట్లాంటి సాబ్‌తో సర్పంచ్ ఎట్లా మాట్లాడాలి, అతను ఎవరి మాట వినాలి, అదొక్కటి రాయి. నువ్వేమీ చెయ్యకు, చెప్పు చాలు.

నీ చెల్లె,
నాగలత

*

మార్చి 5

చెల్లె నాగలతకు,

నేను క్షేమం. ఇక్కడి చలికి టూత్‌పేస్టు కూడా రాయిలాగా గట్టిపడుతుంది. నీ ఉత్తరం హెలికాప్టర్‌లో వచ్చింది. నీ పంచాయతీ గొడవకు దక్కిన వైభోగం నాకు దక్కలేదు, నేను నడిచి ఎక్కాను.

ముందు ఒక సంగతి దిద్దుకో. వాళ్లు ఫౌజు కాదు. వాళ్లది వేరే బలగం, మాది ఆర్మీ. ఆకుపచ్చ బట్ట కనబడితే చాలు, తండాలో అందరూ మిలిటరీ అంటారు. సర్పంచ్‌వి, నువ్వూ అట్లా అంటే ఎట్లా?

కానీ పద్ధతి ఎవరికైనా ఒకటే. మొన్న ఢిల్లీ నుంచి ఒక మంత్రి మా పోస్టుకు వచ్చాడు. ఆయన వేసుకున్న కోటు ఆయనకన్నా పెద్దది. దిగీ దిగగానే మంచులో జారి చతికిలబడ్డాడు. మా కల్నల్ సాబ్ సగం జీవితం మంచులో గడిపినవాడు. ఆయనే పోయి మంత్రిని లేపి, మంచు దులిపి, ఒక అడుగు వెనక్కి వేసి సెల్యూట్ కొట్టాడు. కుర్ర జవాన్లు మూతి బిగబట్టుకుని నవ్వారు. సాయంత్రం నేను వాళ్లను వరసగా నిలబెట్టాను. "ఆ సెల్యూట్ ఆయన కోటుకు కాదు, ఆయన్ను పంపిన జనానికి. తుపాకీ మన చేతిలో ఉంటుంది, ఎటు తిప్పాలో వాళ్లు చెబుతారు. అది తలకిందులైన దేశాలు ఏమైపోయాయో చూడండి" అని గడ్డి పెట్టాను. నాకే ఒళ్లు పులకరించింది.

ఇక నీ సంగతి. నువ్వు కొత్తదానివి, ఆడమనిషివి. ఆఫీసర్లతో మాట్లాడే తీరు నీకు తెలియదు. అందుకని నేనే క్యాంపు సాబ్‌కు హిందీలో ఉత్తరం రాశాను, సిపాయికి సిపాయి రాసినట్టు. "మా తండాను మీ సొంత ఊరనుకోండి. మా చెల్లె సర్పంచ్, పాపం ఏమీ తెలియదు, కాస్త చూసుకోండి" అని. ఇక నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపో.

బావ శ్రీనును అడిగినట్టు చెప్పు.

అన్న,
నాయబ్ సుబేదార్ దేవ్‌సింగ్

*

ఏప్రిల్ 2

అన్నా,

"నువ్వేమీ చెయ్యకు, చెప్పు చాలు" అని రాశానా లేదా? ఫౌజులో ఉత్తరం చివరిదాకా చదవరా?

నువ్వు రాసిన కాగితం అందిన మర్నాడే సాబ్ మిఠాయి డబ్బా పట్టుకుని తండాలోకి వచ్చాడు. నా ఇంటికి కాదు, హాతీరాం కాకా ఇంటికి. "సుబేదార్ సాబ్ ఊరంటే నా ఊరే" అన్నాడు. కాకా మురిసిపోయాడు. తర్వాత రోజు బోరు మోటారు బాగయింది. నేను మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్న మోటారు అదే. ఆ వెనక మందుల శిబిరం, దాని వెనక పిల్లలకు వాలీబాల్ నెట్టు. మనిషి మంచివాడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే ఊరిని లేపి కొట్లాడేదాన్ని. ఇంత మంచివాడితో ఎట్లా కొట్లాడాలి?

ఇప్పుడు అన్నిటికీ క్యాంపే. బద్యా బర్రె కోయగూడెం భీమక్క చేనులో పడితే తీర్పు క్యాంపులో. రేషన్ కార్డులో పేరు తప్పుంటే క్యాంపులో. మొగుడూ పెళ్లాలు తిట్టుకున్నా క్యాంపులోనే, అదీ ఒక జవాను మన మాటలు హిందీలోకి మార్చి చెబుతుంటే. హాతీరాం కాకా పక్కన కుర్చీ వేసుకుని తల ఊపుతాడు. నేను గ్రామసభ పెట్టిన రోజునే సాబ్ వాలీబాల్ ఫైనల్ పెట్టి అన్నం పెట్టించాడు. సభకు నేనూ, కార్యదర్శీ, భీమక్కా వచ్చాం. మా ఆయన కూడా మ్యాచికే పోయాడు. పైగా అంపైర్.

గేటు సంగతి అడుగుదామని నేనే క్యాంపుకు పోయాను. "బెహన్‌జీ, మీ అన్నయ్య మిమ్మల్ని చూసుకోమన్నారు. గేటు మీ మంచికే. మీరు టెన్షన్ పడకండి" అని టీ తెప్పించాడు. టీ బాగానే ఉంది. అది తాగి బయటికి వచ్చేసరికి ఆరు దాటింది. నా ఇంటికి నేను పోవడానికి సెంట్రీ నన్ను "ఎవరు మీరు" అని అడిగాడు.

మంత్రి జారిపడితే సెల్యూట్ కొట్టిన కథ రాసి, అదే ఉత్తరంలో నన్ను "పాపం ఏమీ తెలియదు" అని రాసిన మనిషివి నువ్వు. నీకు ఇంతకన్నా రాయలేను.

నాగలత,
సర్పంచ్ (కాగితం మీద)

*

ఏప్రిల్ 24

చెల్లెకు,

నీ నుంచి ఉత్తరం లేదు గాని క్యాంపు సాబ్ ఫొటోలు పంపాడు. బోరు దగ్గర బిందెలు, నెట్టు ముందు పిల్లలు, శ్రీను బావ నోట్లో విజిల్. చూసి కడుపు నిండింది. మా మెస్సులో అందరికీ చూపించాను. ఒక ఉత్తరంతో ఎంత పని జరిగిందో చూశావా? పంచాయతీ తరఫున ఆయనకు ఒక శాలువా కప్పు. మన తండా పరువు నిలబడుతుంది.

ఇది అంటించబోతుంటే నీ ఉత్తరం వచ్చింది.

చదివాను. నాకైతే తల తిరిగింది. మోటారు బాగయిందని ఏడుస్తున్నావా? నీకన్నా ముందున్న సర్పంచ్‌లు ఏం ఊడబొడిచారు? పని జరిగితే చాలదా, ఎవరి చేతుల మీద జరిగితే ఏంటి? నీకు అక్కసు పట్టుకుంది నాగలతా. కుర్చీ ఎక్కినవాళ్లందరికీ పట్టే జబ్బే ఇది. శాలువా కప్పు, మనసు కుదుటపడుతుంది.

దేవ్‌సింగ్

*

జూన్ 20

చెల్లెకు,

ఉత్తరం రాసి రెండు నెలలయింది, జవాబు లేదు. కళ్యాణిని అడిగితే "మీ చెల్లెనే అడుగు" అంటుంది. కవితను అడిగితే "అత్త బిజీ" అని పెట్టేస్తుంది. ఇంట్లో ఆడవాళ్లంతా ఒక్కటయ్యారని అర్థమైంది. ఇక్కడ మంచు కరుగుతోంది, నువ్వు మాత్రం కరగడం లేదు. శాలువా కప్పావా లేదా, అదన్నా రాయి.

అన్న

*

జూలై 27

అన్నా,

కప్పలేదు.

రాయకూడదనే అనుకున్నాను. కవిత కోసం రాస్తున్నాను. నువ్వు కూర్చుని చదువు.

తీజ్ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలంతా కలిసి నాయక్ ఇంటికి పోయి బుట్టల్లో గోధుమలు చల్లుకోవడానికి సెలవు అడగాలి కదా. హాతీరాం కాకా ప్రతి ఏడూ చేసే తమాషా నీకు తెలుసు. పిల్లలను వాకిట్లో నిలబెట్టి, పాగా వెతికి, చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుని, "వానలు సరిగ్గ పడలే, ఈ ఏడు వద్దులే" అని బెట్టు చేసి, పిల్లలు పాటలో తిట్టాక "సరే పోండి" అంటాడు. నేను అడిగినప్పుడూ అంతే చేశాడు. అమ్మ అడిగినప్పుడు ఆయన తండ్రీ అంతే చేశాడట. ఆ బెట్టు లేకపోతే తీజ్ మొదలైనట్టే ఉండదు.

ఈసారి పిల్లలకు ముందు నిలబడింది నీ కవిత. కాకా పాగా వెతకలేదు. "నాదేమున్నది బిడ్డా, క్యాంపు సాబ్‌ను అడిగి రాండ్రి. ఆయన సరే అంటే నాదీ సరే" అన్నాడు.

పిల్లలు పోయారు. సాబ్ ఎంతో సంతోషపడ్డాడు. నిజంగానే సంతోషపడ్డాడు, అది నేను కాదనను. వెంటనే సరే అన్నాడు. బెట్టు చెయ్యలేదు, ఒక బస్తా గోధుమలు కూడా ఇస్తానన్నాడు. బుట్టలు వాగులో కలిపే రోజు ముఖ్య అతిథిగా తానే వస్తానన్నాడు. అయితే ఆరింటిలోపు ముగించాలి, ఆరింటికి గేటు పడుతుంది కదా. మనవాళ్లు బుట్టలెత్తేదే పొద్దు గుంకినాక అని ఆయనకెవరు చెప్పాలి?

పిల్లలు తిరిగొచ్చారు. ఒక్క నోటా పాట లేదు. కవిత నా వాకిట్లో కూర్చుంది. "అత్తా, సాబ్ మంచిగనే సరే అన్నడు. కానీ సరే అనెటోడు ఒకనాడు వద్దు అని గూడ అంటడు గదా? కాకా వద్దంటే తిట్టి పాట పాడుతం. సాబ్ వద్దంటే ఏం జేస్తం?" అంది.

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయన్నా.

గోధుమలు తిప్పి పంపారు. నాయక్ తన నోటితో చెబితేనే చల్లుతాం, లేకపోతే ఈ ఏడు తీజ్ లేదు అని పిల్లలంతా ఒక్క మాట మీద ఉన్నారు. తల్లులు నన్ను తిడుతున్నారు. హాతీరాం కాకా బయటికి రావడం లేదు. కవితకు బహుశా ఇదే ఆఖరి తీజ్, వచ్చే ఏడు నర్సింగుకు పోతుంది. ఆ పిల్ల బుట్ట కోసం దుసేరు తీగ కోసుకొచ్చి అల్లుకుంది, ఖాళీగా చూరుకు వేలాడుతోంది.

తుపాకీ ఎటు తిప్పాలో జనం పంపినవాళ్లు చెబుతారని నువ్వే రాశావు. నన్ను పంపింది జనం కాదా? మా తండా జనం జనం కాదా? మంత్రికైతే సెల్యూట్, చెల్లెకైతే టీ, అంతేనా? ఆ సాబ్‌కు ఉత్తరం రాసి మమ్మల్ని అప్పగించింది నువ్వు. ఇంకో ఉత్తరం రాసి విడిపించాల్సిందీ నువ్వే. గేటు ఎత్తమని రాయి.

జల్దీ రాయి. శ్రావణం ఆగదు.

నాగలత

*

ఆగస్టు 14

నాగలతా,

రాయను.

ఈ మాట చదివి ఉత్తరం చింపకు, కింద ఇంకా ఉంది.

ఆయన మోటారు బాగు చేయించడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ సంగతి మీద నేను ఇంటికొచ్చాక కొట్లాడుకుందాం. కానీ ఇప్పుడు నేను రాస్తే, నా మాట మీద ఆయన గేటు ఎత్తితే, అది దేవ్‌సింగ్ ఎత్తించిన గేటు అవుతుంది. రేపు ఆయన బదిలీ అయ్యి ఇంకొకడు వస్తే మళ్లీ పడుతుంది. నువ్వు అడిగిన రోజునే ఈ మాట రాయాల్సింది. రాయలేదు, మంత్రి కోటు గురించి రాశాను.

నాకు తెలిసింది ఒకటే, సిపాయి సంగతి. మాకు ఇంతవరకే అని ఎవరూ చెప్పకపోతే మేం నడుస్తూనే ఉంటాం. నడవడమే మాకు నేర్పింది. ఆ సాబ్‌కు ఇన్ని నెలల్లో ఒక్కరన్నా వద్దన్నారా? నాయక్ కుర్చీ వేశాడు, శ్రీను విజిల్ ఊదాడు, నేను మెచ్చుకుంటూ రాశాను. నువ్వొక్కదానివే అన్నావు, అదీ ఆయన గదిలో, ఆయన టీ తాగుతూ. అక్కడ కాదు. ఆయన్నే గ్రామసభకు పిలువు. అందరి ముందు చెప్పు. తీర్మానం రాసి ఆయనకూ, కలెక్టర్‌కూ పంపు. సర్పంచ్ అడిగితే అది అభ్యర్థన అవుతుంది, సభ చెబితే అది మాట అవుతుంది.

కవిత అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు. నా బిడ్డ తన తీజ్ కోసం ఒక సెంట్రీ దాటి, ఒక ఆఫీసర్ ముందు నిలబడి సెలవు అడిగింది, ఆ ఆఫీసర్‌కు దారి చూపింది నేను. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో నువ్వే ఊహించుకో.

అన్న

*

ఆగస్టు 30

అన్నా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నీ సలహా చాలా బాగుంది. అంతా అయిపోయాక వచ్చింది. మీ ఫౌజు సాయం ఎప్పుడూ ఇంతేనా?

"రాయను" అన్న మాట దగ్గర నిజంగానే చింపబోయాను. కవిత లాక్కుని కింద చదివి వినిపించింది. సరే, విను.

నీ జవాబు కోసం కూర్చుంటే శ్రావణం పోతుందని నేనే సభ పెట్టాను. హాతీరాం కాకా వాకిట్లోనే పెట్టాను, ఇక ఎట్లా రాడో చూద్దామని. తీజ్ ఆగిందన్న మంటకు తండా మొత్తం వచ్చింది, కోయగూడెం వచ్చింది. మా ఆయన్ను విజిల్ ఇంట్లో పెట్టి రమ్మన్నాను. క్యాంపుకు నోటీసు పంపాను. సాబ్ వచ్చాడు, వెనక ఇద్దరు జవాన్లు.

వాకిట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. కాకా అలవాటు కొద్దీ దాన్ని తువ్వాలతో తుడిచి సాబ్ వైపు జరిపాడు. సాబ్ కూర్చోబోయాడు. నాకు ఏం పూనిందో తెలియదు, పోయి నేను కూర్చున్నాను. సాబ్ నన్ను చూశాడు, కుర్చీని చూశాడు, జనాన్ని చూశాడు. తర్వాత పోయి టార్పాలిన్ మీద బద్యా పక్కన కూర్చుని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బద్యా కంగారులో ఆయనకు చుట్ట ఇవ్వబోయాడు.

మోటారుకు దండం, మందులకు దండం అని మొదలుపెట్టాను. గేటు ఎప్పుడు పడాలి, ఎప్పుడు లేవాలి అన్నది సభ చెబుతుంది, మా తగువులు మేం చూసుకుంటాం, మా పండగకు సెలవు మా నాయక్ ఇస్తాడు అన్నాను. చేతులెత్తమన్నాను. ముందు భీమక్క ఎత్తింది, ఆ తర్వాత మిర్చి ఆటో ఆడవాళ్లంతా ఒక్కసారే ఎత్తారు. మగవాళ్లు పెళ్లాల మొహాలు చూసి ఎత్తారు.

"పై నుంచి ఆర్డర్ రావాలి మేడమ్" అన్నాడు సాబ్. బెహన్‌జీ అనలేదు, గమనించు. "ఊరు చెప్పింది మీ పైవాళ్లకు పంపండి. మేమూ పంపుతున్నాం" అన్నాను. లేచి టోపీ పెట్టుకుంటూ "మీరు ముందే చెప్పాల్సింది" అన్నాడు. ముందే చెప్పానన్నా! ఆయన టీ తాగుతూ చెప్పాను! పళ్లు కొరుక్కున్నాను. నువ్వు రాసిందీ అదే, అందుకే నీ ఉత్తరం చదువుతుంటే ఇంకా మండింది.

వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. గేటు రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంటుంది, జబ్బు మనిషికి ఎప్పుడైనా లేస్తుంది. పండగ రోజుల్లో సభ చెప్పినట్టు. తొమ్మిది కూడా నాకు నచ్చలేదు, దాని మీద వచ్చే సభలో మళ్లీ పట్టుకుంటాను.

పిల్లలు మళ్లీ కాకా వాకిట్లో నిలబడ్డారు. ఈసారి కాకా పాగా చుట్టడానికి ఎంతసేపు తీసుకున్నాడంటే, ముసలివాళ్లకే విసుగొచ్చింది. "వానలు సరిగ్గ పడలే" అన్నాడు. బయట కుండపోత. కవిత తిట్టి పాట ఎత్తుకుంది. కాకా కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను. "సరే పోండి" అన్నాడు.

నిన్న బుట్టలు వాగుకు పోయాయి. గోధుమ నారు జానెడు లేచింది, కవితది అందరికన్నా ఎత్తు. పొద్దు గుంకింది. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకున్న రాళ్ల డబ్బా తుప్పు పట్టి తెగిపడిపోయింది, కడ్డీ దానంతటదే కిందికి వాలుతోంది. సెంట్రీ ఒక్కడికీ ఆగడం లేదు. సాబ్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి గుంజ దగ్గర కడ్డీ కింద భుజం పెట్టి కొసను పైకెత్తాడు. పిల్లలు తలల మీద బుట్టలతో, పాట ఆపకుండా, వంగకుండా దాని కింద నుంచి నడిచిపోయారు. "జల్దీ బేటీ, జల్దీ" అంటున్నాడు పాపం, మెడ నరాలు ఉబ్బిపోయాయి. వెనక ముసలమ్మలు ఇంకా వస్తున్నారు. "ఆగండి సాబ్, ఇంకా ఉన్నారు" అన్నాను. ఆగాడు.

అదన్నా, నేను చూసింది. ముఖ్య అతిథిగా వస్తానన్నాడు కదా, వచ్చినట్టే.

వదిన ఉప్పుచేప పంపిస్తోంది. మంచులో చెడిపోదట.

నాగలత,
సర్పంచ్

*

సెప్టెంబర్ 19

వాగొడ్డు తండా సర్పంచ్ నాగలత గారికి,

మీ ఉత్తరం చదివాను. కడ్డీ కింద భుజం దగ్గర ఆగి మళ్లీ చదివాను. కుర్ర జవాన్లను సాయంత్రం నిలబెట్టి వినిపించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఒకడు మాత్రం "సుబేదార్ సాబ్, మీ చెల్లె మా కంపెనీకి వస్తుందా" అని అడిగాడు. ఉప్పుచేప సగం వాడే తిన్నాడు.

నాకు సెలవు దొరికింది. నవంబర్‌లో వస్తున్నాను. హాతీరాం కాకా "వయసైపోయింది, నువ్వొచ్చి నాయక్‌గా కూర్చో, ఫౌజోడివి, అందరూ భయపడతరు" అని కబురు పంపాడు. భయపడతారనే వద్దన్నాను. వచ్చే సభలో మాట్లాడాలని ఉంది. మీరు పిలిస్తే మాట్లాడతాను, లేదంటే టార్పాలిన్ మీద బద్యా పక్కన కూర్చుంటాను. మామూలు చొక్కానే వేసుకుంటాను.

ఖమ్మం నుంచి బస్సు ఎప్పుడు దొరుకుతుందో, పినపాక చేరేసరికి ఎంత రాత్రవుతుందో తెలియదు. తొమ్మిది దాటితే నేను గేటు అవతలే మూట మీద పడుకుంటాను, తెల్లారి వస్తాను. ఆ సాబ్‌కు నేను ఎవరినో చెప్పకు నాగలతా. నా కోసం గేటు ఎత్తించకు.

దేవ్‌సింగ్,
నీ తండా మనిషి